ఊదారంగు వానకు ముందు

“ఏటమ్మీ అది? నవ్వా, దగ్గా?”

గుమ్మంలోంచి వచ్చిన మాటకు వీణ మైకు వదిలేసి తిరిగింది.

చేతిలో సంచీతో ఒక ముసలావిడ. రాయగడ స్టేషన్ పక్క హాల్లోంచి పాటలు వినిపిస్తే, రైలొచ్చేలోగా చూసిపోదామని వచ్చిందట.

“మామ్మా, ప్రాక్టీసు జరుగుతోంది. బయట కూకో!” డ్రమ్ములు వాయించే మోహిత్ విసుక్కున్నాడు.

విసుగు రాదా మరి! సాయంత్రమే కచేరీ. ‘ఊదారంగు వాన’కు యాభై ఏళ్ల పండుగ. ఒకప్పుడు కొరాపుట్ కుర్రాళ్లు కట్టిన, వింటే మైకం కమ్మే సైకెడెలిక్ రాక్ బ్యాండు తొలి ఆల్బం అది. ఈ కొండల్లో గిటారు పట్టిన ప్రతివాళ్లూ ఆ పాటలతోనే వేళ్లు బొబ్బలెక్కించుకున్నారు.

ఆల్బం ఒక ఆడపిల్ల నవ్వుతో మొదలవుతుంది. ఎవరు నవ్వారో కవరు మీద లేదు. అడుగుదామంటే, పాడిన గౌరీశంకర్ అసలు ఉన్నాడో లేడో తెలియదు. ఆయన కోసం వీణ వెతకని ఊరు లేదు.

మనిషి ఎలాగూ దొరకలేదు, కనీసం ఆ నవ్వైనా సరిగ్గా రావాలని ఆమె పట్టు. పొద్దుట్నుంచీ నవ్వీ నవ్వీ ఇక ఏడుపొక్కటే తక్కువ.

“పోనీలేరా, కూకోనీ,” అని కుర్చీ వేసింది. “సాయంత్రం కచేరీకి రా మామ్మా, పాసు రాసిస్తాను. పేరేటి?”

“రాజులమ్మ.”

“మీ ఆయన పేరు? ఇద్దరికీ రాసేస్తాను.”

“ఓలమ్మ! మొగుడి పేరు నోటంట అంటారేటి? ఆయుష్షు తగ్గిపోదూ!”

మోహిత్‌కి సరదా పుట్టింది. మైకు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

“సెప్పు మామ్మా, ఒక్కపాలి!”

ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

వీణ ఉలిక్కిపడింది. తనకు కావలసిన నవ్వు అదే!

“రికార్డయిందా?”

“అయింది!”

ఇద్దరూ గెంతులేస్తుండగా రైలు కూసింది.

“ఉండలేనమ్మీ, మా ఊరు కకిరిగుమ్మ ఎల్లిపోవాల. పాట మాత్రం బాగా పాడతన్నావు. మా ఆయనకి సెప్తాను,” అంటూ ఆవిడ సంచీ ఎత్తుకుని స్టేషనుకు పరుగెత్తింది.

సాయంత్రం ఆ నవ్వు వినపడగానే హాలంతా ఈలలే ఈలలు.

కచేరీ అయ్యాక గంగరాజు అనే పెద్దాయన వీణ దగ్గరకొచ్చాడు. బంధుగాం నుంచి పనిగట్టుకుని వచ్చాడట. ఆ ఆల్బానికి టేపు నడిపి రికార్డు చేసింది తనేనట.

“పాత టేపులో నవ్వు భలే పెట్టేరమ్మీ!”

“పాతది కాదు తాతా, పొద్దున్న ఒక మామ్మ నవ్వింది.”

“అచ్చు అలాగే ఉంది మరి! అప్పుడు గౌరీశంకరుకి కొత్తగా పెళ్లయింది. టేపు తిరుగుతుంటే పెళ్లాం ముందు మైకు పెట్టి, నా పేరు సెప్పు అన్నాడు. రాజులమ్మ సెప్తాదేటి? నవ్వేసింది. తరవాత ఇద్దరూ ఏ ఊరెల్లిపోయేరో!”

“అయ్యో, బయట కూకోమన్నాను కదే!” మోహిత్ తల పట్టుకున్నాడు.

వీణ మాత్రం గిటారుతో చిందేసింది. మొగుడి ఆయుష్షు తగ్గుతుందని రాజులమ్మ భయపడిందంటే, కకిరిగుమ్మలో గౌరీశంకర్ నిక్షేపంలా ఉన్నట్టే!