చుక్కలా, చారలా?

“ముందు అది సెప్పు. దాని ఒంటి మీద సుక్కలా, సారలా?” అంది చెంగమ్మ, పాలచెంబు పక్కన పెట్టి.

“చుక్కలే మా. వేల్ షార్క్ అంటారు దాన్ని. లారీ అంత ఉంటాది గానీ సన్న పురుగూ చిన్న చేపా తప్ప ఏమీ తినదు. మనిషి జోలికే రాదు.”

ప్రీతి ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. నోరు నొప్పి పుడుతోంది.

కర్ణాటక తీరంలో ఒక డైవింగ్ సెంటర్లో ఆమె ఉద్యోగం. వీపున గాలి సిలిండర్ కట్టుకుని, వచ్చినవాళ్ళను సముద్రం లోపలికి తీసుకెళ్ళి చేపలు చూపించాలి. ఈమధ్య నీళ్ళలో ఆమెకు పెద్ద సొరచేప ఎదురైంది. స్నేహితురాలు ఫోన్లో నోరు జారడంతో సంగతి పుంగనూరు చేరింది. సెలవుకు వచ్చిన కూతురిని చెంగమ్మ ఇక గడప దాటనిచ్చేలా లేదు. ఒంటి మీద చారలుంటే అది మనిషిని తినే పులిసొర. అదైతే ఉద్యోగం మానాల్సిందే. కాదని తేలితే పోవచ్చు.

మేనమామ మునెప్ప పశువుల వ్యాపారి. కళ్ళజోడు సవరించుకుని, ప్రీతి నీళ్ళలో తీసిన వీడియో ఆమె ఫోన్లో చూశాడు.

“పండ్లు సూడకుండా పశువు సంగతి ఎవురు సెప్తారు? దీని పండ్లు యాడ కనపడతాండాయి?”

నవ్వు రావాల్సిన మాటే. ప్రీతికి రాలేదు.

వీడియోలో మొదట పచ్చటి నీళ్ళు, తర్వాత ఒక పెద్ద నీడ. ఆ నీడ ఇటు తిరిగేలోపే ప్రీతి వేలు పెట్టి ఆపేసింది.

“యాల ఆపుతావు? ఇంకొంచెం పోనీ.”

“ఆపైన అన్నీ బుడగలే మామా. ఏమీ కనపడదు.”

మునెప్ప అక్కవైపు తిరిగాడు. “సచ్చినా సముద్రం వదల్నని ఇంటిల్లిపాదితో కొట్లాడి పోయింది గదక్కా ఈ పాప! ఆర్నెల్లకే బెదిరిపోయి తిరిగొస్తాదని అందరి ముందరా నేనంటి. నా మాటే పొల్లు పోయె.”

అందరూ నవ్వారు. ప్రీతి కూడా నవ్వినట్టు చేసింది.

మదనపల్లె నుంచి పిన్నమ్మ ఫోన్ చేసి భయపెట్టింది. కుప్పం నుంచి అన్న వరసయ్యే కిరణ్ కుమార్ రకరకాల సొరచేపల ఫొటోలు పంపాడు. సముద్రం మొహం చూడనివాళ్ళంతా తలా ఒక పేరు పెట్టారు. ప్రీతి అందరికీ అదే జవాబు చెప్పింది. ఆమె కళ్ళ కింద నలుపు తేలింది. అన్నం సయించడం లేదు.

“ఏమే, ఇట్ల వాడిపోయినావు?”

“అలసట మా. అంతే.”

చివరికి చెంగమ్మ కొంగు బిగించింది. “మనుషుల మాటలతో తేలేది కాదిది. గంగమ్మనే అడుగుదాం పా.”

బోయకొండ ఎక్కారు. ఎటూ తేలని సంగతులు ఈ చుట్టుపక్కల వాళ్ళు ఆ తల్లికే విన్నవించుకుంటారు. అమ్మవారి తల మీద పూజారి పువ్వు పెడతాడు. కుడివైపు పడితే సరే, ఎడమవైపు పడితే వద్దు. ఆ మాటకు తిరుగు లేదు. అమ్మవారు వద్దంటే మానుకున్నవాళ్ళను చూసి నవ్వేవాళ్ళూ లేరు.

ప్రీతి కళ్ళు మూసుకుంది. పెదవులు కదుపుతూ ఏదో మొక్కుకుంటోంది. అది చూసి చెంగమ్మ మనసు కరిగిపోయింది.

“ఆ సముద్రమంటే అంత ఆశనా నా తల్లీ!”

పువ్వు చాలాసేపు కదల్లేదు. పువ్వు జారింది, కుడివైపుకు.

“పోయిరామ్మా. గంగమ్మే సరేననె. ఇంక వద్దనేదానికి నేనెవురు?” కళ్ళు తుడుచుకుని కూతురి నుదుట కుంకుమ పెట్టింది చెంగమ్మ.

బెంగళూరు బస్సు దాకా సంచి మునెప్పే మోశాడు. “మా పాపకు భయమంటే ఏందో తెలీదప్పా,” అని కండక్టర్‌తో గర్వంగా చెప్పాడు.

బస్సు కదిలింది. ప్రీతి కిటికీలోంచి చెయ్యి ఊపింది. వాళ్ళు కనుమరుగయ్యాక ఫోన్ తీసి, వీడియోను ఈసారి ఆపకుండా చూసింది. తన బుడగల మధ్యలోంచి సొరచేప ఇటు తిరిగింది. ఒళ్ళంతా చారలే.

పువ్వును ఎడమవైపే పడెయ్యి తల్లీ అని కొండ మీద ఆమె గంగమ్మకు మొక్కుకుంది.