చదవని ఆమోదం

"ఏం తమ్ముడూ, పొద్దున నా పేరుతో డేటాబేస్‌లోకి వెళ్లింది నువ్వేనా?"

ఆస్పత్రి డేటాబేస్ నిర్వాహకురాలు తలుపు దగ్గరగా వేసి, లాగిన్ల జాబితా జూనియర్ ముందు పెట్టింది. రోగుల వివరాలు చూడడమే తప్ప మార్చే అధికారం అతనికి లేదు. అది ఆమెకు మాత్రమే ఉంది.

"నేనేనక్కా," అన్నాడతను, తల దించకుండానే.

ఆ తెంపరితనం చూసి ఆమె అనుమానం రెట్టింపయింది. "నా పేరుతో లాగిన్ కావడానికి దొంగ డిజిటల్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు నీకు?"

"మీరే. నిన్న ఇరవై సర్టిఫికెట్లకు చదవకుండానే ఆమోదం కొట్టేశారు. నా దరఖాస్తులో నా పేరు బదులు మీ పేరు రాశాను. సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటే వాళ్ల అధికారమంతా ఇచ్చేస్తుంది మన డేటాబేస్. ఈ లోపం గురించి రెండుసార్లు చెప్తే నవ్వేశారు. అందుకే చేసి చూపిద్దామనుకున్నాను."

"చూపించింది చాల్లే! నేను పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే, నువ్విక్కడ నా పెత్తనం చేస్తున్నావన్నమాట. రాజీనామా రాసిచ్చి బయల్దేరు."

ఆమె తోసిన తెల్లకాగితం అతను అందుకోలేదు.

"పొద్దున మీరు ఆఫీసులో లేరా?"

"లేను. ఏం?"

"నేను లోపలికి వెళ్లేసరికి మీ పేరుతో ఇంకొకరు ఉన్నారక్కా. రోగుల రక్తం గ్రూపులు వరసగా మారుస్తున్నారు. మీరే తప్పులు సరిచేస్తున్నారనుకుని బయటికి వచ్చేశాను."