గోడ అవతలి కేక

గోడకు చెవి ఆనించి నిలబడ్డ సంతోష్‌ను కిటికీలోంచి చూసి సోమనర్సయ్యకు నవ్వాగలేదు.

“ఏంది సార్, పక్కింటోళ్ల ముచ్చట్లు వింటున్నరా?”

“ముచ్చట్లు కాదన్నా, పాట. జర లోపలికొచ్చి విను.”

సోమనర్సయ్య డోర్నకల్ స్టేషన్లో సంతోష్‌ పక్కన బుకింగ్ కౌంటర్లో కూర్చునే మనిషి. చెప్పులు విడిచి వచ్చి తనూ గోడకు చెవి పెట్టాడు. గిటార్లు గరగరమంటున్నాయి, డ్రమ్ములు దబదబమంటున్నాయి. వాటి మీదుగా ఒక మగ గొంతు లేచి, తెగిపోతుందేమో అన్నంత పైకి పోయి, అక్కడే నిలిచి అరుస్తోంది.

“గిది పాటనా? ఎవన్నో చంపుతున్నట్టున్నది.”

“హెవీ మెటల్ అన్నా. నలభై ఏళ్ల కిందటి ఆల్బం. హన్మకొండల డిగ్రీ చదివేటప్పుడు కొన్న. ఇప్పటికీ పాతబడలే.”

ఉత్త మాట కాదది. క్యాసెట్ అరిగిపోతే సీడీ కొన్నాడు, సీడీ గీతలు పడితే ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. తోటివాళ్లంతా పొట్టలొచ్చి భక్తి పాటల్లోకి దిగినా ఇతగాడు మాత్రం కదిలితే ఒట్టు. వేడన్నంలో ఆవకాయలాగా, ఎన్నిసార్లయినా మొదటి ముద్దకే ప్రాణం లేచొచ్చేది. భార్య యమునకు మాత్రం ఆ పాటలు మొదట్నుంచీ గిట్టలేదు. “గాయన ఎందుకు గట్ల మొత్తుకుంటడు, కడుపునొప్పా?” అంటూ ఆమె వచ్చి సౌండు తగ్గించడం, అటు తిరగ్గానే ఇతను పెంచడం. వాళ్ల కాపురంలో సగం కొట్లాటలు వాటి మీదే.

“మేడంను ఎప్పుడు తోలుకొస్తరు సార్? ఒక్కరే వండుకొని తింటున్నరు.”

“చూడాలె అన్నా.” సంతోష్ గోడ వదల్లేదు. “ఆ ఇంట్ల ఎవరుంటరు?”

“మాన్‌సింగ్ అని, ట్రాక్ మీద చేసేటోడు. ఆయన పోయినంక నౌకరి బిడ్డకిచ్చిన్రు. కవిత. రైల్వే గేటు కాడ చేస్తది. తల్లి సుత ఉంటది.”

సంతోష్ మొహం వెలిగింది. బల్లార్షా నుంచి అడిగి మరీ ఇక్కడికి బదిలీ వేయించుకున్నాడు గానీ, వచ్చాక ఈ క్వార్టర్‌లో గోడలు, గిన్నెలు తప్ప మాట్లాడే దిక్కు లేదు. తన స్పీకరును అట్టపెట్టెలోంచి బయటికి తీయనేలేదు. అలాంటిది గోడ అవతల ఒక పిల్ల రోజూ సాయంత్రం అదే పాట పెడుతుంది. కేక అయిపోగానే వెనక్కి తిప్పి మళ్లీ అక్కణ్నుంచే. అసలైన అభిమానులకే తెలుస్తుంది ఆ చోటు విలువ. కూర్చొని ఒక్క గంట ఈ పాటల గురించి మాట్లాడే మనిషి దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

ఫోన్ తీసి యమునకు మెసేజ్ పెట్టాడు. ‘నా అసొంటి పిచ్చోళ్లు ఇంకొకరు దొరికిన్రు. నువ్వు నమ్మవు.’

ఒకటే టిక్కు పడింది.

“ఇక్కడ సిగ్నల్ సరిగ ఉండది సార్,” అన్నాడు తొంగిచూసిన సోమనర్సయ్య. పైనున్న మెసేజీలకూ ఒక్కో టిక్కే ఉండడం చూసి గొంతు తగ్గించాడు. “మేడం అలిగిన్రా?”

“గట్లనే అనుకో.”

మర్నాడు సాయంత్రం పాట మొదలవగానే సంతోష్ బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొని పక్కింటి తలుపు కొట్టాడు. అద్దాల రవిక తొడుక్కున్న ముసలామె తీసింది. కవిత తల్లి, చంద్రి.

“కవిత లేదా అవ్వా?”

“గేటు కాడికి పోయింది.”

“మరి పాట?”

“నేనే పెట్టిన. సప్పుడు ఎక్కువైందా నాయినా? తగ్గిస్త.”

“వద్దవ్వా. నేను దాని కోసమే వచ్చిన.”

లోపల పాత టేప్ రికార్డర్, మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. సంతోష్ దాని ముందు కూర్చున్నాడు.

“గీ క్యాసెట్ ఎక్కడిది?”

“మా ఆయనకు పట్టాల పక్కన దొరికింది. రైలుల కెల్లి ఎవలో పారేసిన్రు. ఇంటికి తెచ్చి పెట్టి చూసి, ‘ఎవడో పాపం ఏడుస్తుండు’ అని నవ్విండు. మల్ల ముట్టలే. ఆయన పోయినంక నేను తీసిన.”

“ఏడుపు కాదవ్వా, అది పాట.”

“నాకెర్కలేదా ఏడుపంటే?” చంద్రి కసిరింది. “మా తండల ఎవలన్న పోతే ఆడోళ్లం మెడలు పట్టుకొని రాగం తీసి ఏడుస్తం. ఒక్కదాన్నే ఏడ్వద్దు, తోడుండాలె. దినాలయ్యేదాక అందరున్నరు, మల్ల ఎవల తండకు వాళ్లు పోయిన్రు. బిడ్డ ముంగట ఏడిస్తే అది పరేషాన్ అయితది. గందుకే అది డ్యూటీకి పోయినంక గీ టేపుల ఆయన్ని పెట్టుకుంట. గీయన గట్టిగ అందుకుంటడు, నేను మెల్లగ అందుకుంట. వాడకట్టుకు నా ఏడుపు ఇనవడది.”

పాట ఆ చోటికి వచ్చింది. మగ గొంతు లేచింది. దాని కింద, తన మోకాళ్ల మీదికి వంగి, చంద్రి సన్నగా రాగం అందుకుంది. రెండు గొంతులూ ఒకదాన్నొకటి పట్టుకొని పైకి పోయాయి.

ఇన్నేళ్లుగా సంతోష్ ఆ కేకలో కోపం విన్నాడు, పొగరు విన్నాడు, కుర్రతనం విన్నాడు. బిస్కెట్ ప్యాకెట్ చేతిలో నలిగిపోయింది.

“మా కాడ మొగోళ్లు బయట నిలవడుతరు, ఏడ్వరు,” అంది చంద్రి కళ్లు తుడుచుకుంటూ. “గీయన మొగోడే గద. సిగ్గువడ్డడా?”

చంద్రి టేపు వెనక్కి తిప్పబోయి, సంతోష్ మొహం చూసి ఆగింది. దగ్గరికి జరిగి మెడ చుట్టూ చెయ్యి వేసింది.

“నీకెవలు పోయిన్రు బిడ్డా?”

“యమున,” అన్నాడు సంతోష్.