వంకర దుంగ

షావుకారు భార్య గొలుసును కొట్టేసి గుమాస్తా దాచింది కలప అడితిలో అన్నిటికన్నా పనికిమాలిన దుంగలో. బయటికి వంకర, లోపల తొర్ర. గొలుసు తొర్రలోకి తోసి, బంకమన్ను కూరి, పైన రంపప్పొట్టు అద్దాడు.

నాలుగు రోజులుగా షావుకారు పనివాళ్ల సంచులు, చెప్పులు, ఆఖరికి అన్నం క్యారియర్లు కూడా వెతికిస్తున్నాడు. అందరికంటే ముందు నిలబడి, "ఎంత ఘోరం!" అని ముక్కున వేలేసుకున్నది గుమాస్తానే.

ఐదో రోజు పొద్దున్నే పడవల మేస్త్రి దిగాడు.

"కొత్త పడవకి పక్కటెముకలు కోయాలి. వంపున్న దుంగలు చూపించు."

గుమాస్తా గబగబా ముందుకొచ్చాడు. "వంపెందుకు బాబాయ్? తిన్నని దాంట్లోంచే వంపుగా కోసుకోవచ్చుగా?"

"కోస్తే నార తెగుతుంది. మొదటి అలకే విరిగి చేతికొస్తుంది. చెట్టే వంగి పెరిగుండాలి."

మేస్త్రి ఒక్కో దుంగనీ సుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, వాసన చూసి ముందుకు కదులుతున్నాడు. గుమాస్తా నీడలా వెంటపడ్డాడు. చెద పట్టినదాన్ని ఉక్కు అన్నాడు. నిలువునా పగిలినదాన్ని బంగారం అన్నాడు.

మేస్త్రి వంకర దుంగ ముందు ఆగాడు. సుత్తి ఎత్తాడు.

"అది వద్దు బాబాయ్!" గుమాస్తా అడ్డం దూకాడు. "లోపలంతా డొల్ల. పురుగు తినేసింది. దాంతో పడవ కడితే ఒడ్డునే మునుగుతుంది."

"వంపు మాత్రం భలే కుదిరింది."

"వంపు చూసి మోసపోకు. నీమీద ఒట్టు, అది పుచ్చుదే! కావాలంటే ఆ పక్కది ఊరికే తోలుకుపో."

మేస్త్రి సుత్తి దించాడు. అడితి గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"షావుకారుగారూ! రంపం పట్రండి. ఇదే."

గుమాస్తా మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "చెప్తుంటే వినవేం బాబాయ్? నీ పడవ మునిగిపోతుంది!"

"పడవెక్కడిదిరా? ఇరవై ఏళ్లుగా నీ దగ్గర కలప కొంటున్నా, ఒక్క పుచ్చు దుంగని కూడా పుచ్చని చెప్పిన పాపాన పోలేదు నువ్వు. ఏ దుంగ దగ్గర నీ నోట నిజం వస్తుందో కనిపెట్టమనే షావుకారుగారు నన్ను పిలిపించారు."