సబ్బు సారు

తొమ్మిదో టేబుల్ మీద ‘రిజర్వ్‌డ్’ బోర్డు పెట్టి, సర్వర్ తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ టేబుల్‌ని ఎవరూ రిజర్వ్ చేయలేదు.

ఆ హోటల్లో సర్వర్లకి అదొక అలవాటు. టిప్పు ఇవ్వని మనిషికి మొదట మంచినీళ్లు ఆలస్యమవుతాయి. తర్వాత భోజనం చల్లారి వస్తుంది. అప్పటికీ అర్థం కాకపోతే, బోర్డు.

సబ్బు సారు విషయంలో మొదటి రెండూ పనిచేయలేదు.

పది రోజులుగా మధ్యాహ్నం పన్నెండు కాగానే వచ్చేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. వంటింటి పక్క సందుని ఆనుకుని ఉన్న తొమ్మిదో టేబులే కావాలంటాడు. చల్లారిన భోజనం మారు మాట్లాడకుండా తింటాడు. చేతులు కడుక్కోవడానికి ఆ సందులోకి వెళ్తే పావుగంటకి గాని బయటికి రాడు. కొత్త సబ్బు సగానికి అరిగిపోతుంది. గోడంతా నురగ. వేళ్లకి తెల్లటి పీలికలేవో అంటుకుని ఉంటాయి.

బిల్లు పైసలతో సహా సరిగ్గా కట్టి వెళ్లిపోతాడు. ఆ నురగ తుడుచుకునేది సర్వర్.

“కొందరి చేతికి ఎముకే ఉండదక్కా. ఈయనకి ఒంట్లో ఉన్నవన్నీ చేతిలోనే ఉన్నాయి,” అన్నాడు వంటింట్లోకి తొంగిచూసి.

అక్క అక్కడే వంటమనిషి. ఓనరు కాళ్లావేళ్లా పడి తమ్ముడికి ఈ పని ఇప్పించింది.

“పోనీలేరా, పెద్దాయన. ఏం కష్టంలో ఉన్నాడో,” అంది. తర్వాత ముక్కు ఎగబీల్చింది. “ఒరేయ్, నీకేమైనా వాసన వస్తోందా?”

“వంటింట్లో వాసన రాక సంగీతం వస్తుందా?”

అక్క నవ్వింది. కానీ రెండోసారి కూడా ఎగబీల్చింది.

తలుపు తెరుచుకుంది. సబ్బు సారు బోర్డు చూసి ఆగిపోయాడు.

“ఇవాళ వేరేచోట కూర్చుంటాలే బాబూ.”

“ఎక్కడా ఖాళీ లేదండీ.”

సగం హోటల్ ఖాళీగానే ఉంది. ఆయన ఆ కుర్చీల వంక ఒకసారి చూశాడు గాని, ఆ మాట ఎత్తలేదు.

“అయితే భోజనం వద్దు. ఒక్కసారి చేతులు కడుక్కుని పోతాను.”

“తినకుండా చేతులెందుకు కడగడం? మా సబ్బు మీద పడ్డారేంటి సారూ?” సర్వర్ సందుకి అడ్డంగా చెయ్యి చాపాడు.

“ఐదు నిమిషాలు. ఎల్లుండి నుంచి రమ్మన్నా రాను.”

“ఆ శుభమేదో ఇవాళే కానివ్వండి.”

ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇన్నాళ్లకి టిప్పు బయటపడుతోంది అనుకున్నాడు సర్వర్. వచ్చింది తెల్లటి టేపు చుట్ట.

“మీ ఓనరు ఉన్నారా?”

“లేరు. వచ్చాక చెప్పుకోండి నా మీద.”

“నీ మీద కాదయ్యా...” ఆయన గొంతు తగ్గించాడు. “ఆయనకి ఫోన్ చేసి వస్తా. నేనొచ్చేదాకా మూడో పొయ్యి వెలిగించొద్దని లోపల చెప్పు. మర్చిపోకు.”

గాజు తలుపు అవతల, మెట్ల మీద, ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. అవతల ఎవరూ ఎత్తుతున్నట్టు లేదు.

అప్పుడే ఆఫీసు పార్టీ దిగింది. పన్నెండు మంది. చేతికి ఎముక లేని పార్టీ. సర్వర్ మొహం విచ్చుకుంది. తొమ్మిదో టేబుల్ మీది బోర్డు తీసి చంకలో ఇరికించుకున్నాడు. టేబుళ్లు కలిపాడు. వంటింటి వైపు గట్టిగా అరిచాడు.

“అక్కా, అందరికీ ఒకేసారి కావాలట. మూడో పొయ్యి కూడా అంటించు!”

తెరిచి ఉన్న తలుపులోంచి ఆ కేక మెట్ల దాకా వినిపించింది.

సబ్బు సారు ఫోన్ వదిలేసి పరిగెత్తాడు. ఆ వయసులో అంత వేగం సర్వర్ ఎన్నడూ చూడలేదు. కుర్చీలు తోసుకుంటూ, సర్వర్‌ని భుజంతో నెట్టేసి, వంటింట్లో దూరాడు.

“ఓయ్ పెద్దాయనా! ఎక్కడికి?”

ముందు ఒక నీలం వెలుగు వచ్చింది. ఆ తర్వాత చప్పుడు.

ఆఫీసు పార్టీలో ఒక్కరికీ గీత పడలేదు. వంటింటి అవతలి గోడ మాత్రం లేదు.

అక్క వెనక వీధిలో, చిట్లిన మోచేతులతో నేల మీద కూర్చుని ఉంది.

“మంట గోడ వెంట పాకిందిరా. ఆయన నన్ను పెరటి తలుపులోంచి బయటికి తోసేశాడు. ఏదో గ్యాసు వాల్వు తిప్పెయ్యాలి, లేకపోతే ముందున్నవాళ్లు కూడా పోతారు అంటూ మళ్లీ లోపలికెళ్లాడు.”

ఆమె ఇంకా ఆ తలుపు వైపే చూస్తోంది. అందులోంచి ఎవరూ రాలేదు.

ఓనరు వచ్చేసరికి ఫైరింజన్ వాళ్లు తెల్లగుడ్డ తెమ్మంటున్నారు. ఆయన మెట్ల మీదే కూలబడ్డాడు.

“ఆ సందులోంచి మూడో పొయ్యికి వెళ్లే గ్యాసు పైపు పాడైంది, హోటల్ మూసి మార్చమన్నాడు ఆ పెద్దాయన. ఎల్లుండి దాకా కుదరదన్నాను. పనివాళ్లకి చెప్పొద్దన్నాను, భయపడి మానేస్తారని. అయితే రోజూ నేనే వచ్చి సబ్బు రాసి టేపు చుడతానన్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా భోజనానికి వచ్చినట్టు వచ్చిపొమ్మన్నాను.” ఆయన తలెత్తాడు. “ఇవాళ చుట్టలేదా?”

‘రిజర్వ్‌డ్’ బోర్డు ఇంకా తన చంకలోనే ఉందని సర్వర్‌కి అప్పుడు తెలిసింది.

“ఎవరు సార్ ఆయన?” అని అడిగాడు.

“ఇరవై ఏళ్ల కిందట ఈ గ్యాసు లైను వేసిన ఫిట్టరు, తను బిగించిన పైపు పక్కన మీరంతా పనిచేస్తుంటే ఇంట్లో కూర్చోలేక, తన డబ్బుతో భోజనం కొనుక్కుని మరీ మీకు కాపలా కాశాడు.”