అతుకు

"నీ బుద్ధి గడ్డి తిన్నదా?" ఇంజన్ మీద చెయ్యేసి అన్నయ్య అరిచాడు. "లోకం మొత్తానికి ఇలాంటి రేసు ఇంజన్లు ఆరే మిగిలాయి. అన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. ఆనాటి పందెం గెలిచింది ఇదేనని చెప్పేది నాన్న వేసిన అతుకొక్కటే. దాన్నే అరగదీసేశావా?"

చెల్లెలు గ్రైండర్‌ని బల్లమీద విసిరికొట్టింది. "తీసేశాను! పందెం వేళ మించిపోతోందని కళ్ళకి అద్దాలైనా లేకుండా వెల్డింగ్ చేశాడు. ఆ నిప్పురవ్వలకే చూపు పోగొట్టుకున్నాడు. నీకది గొప్పేమో, నాకది చూస్తే ఒళ్ళు మండేది."

కేకలు విని నాన్న గోడ పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. రోజూలాగే ఇంజన్ని తడిమాడు. అతుకుండే చోట వేళ్ళు ఆగాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వెతికాయి.

"ఇదెవరిదిరా?" అని గర్జించాడు. "నా ఇంజన్ని ఎవడికిచ్చేశారు?"