కడగని ఫొటో

“ఇందులోనే మా వంశీ ఉండాడన్నా,” అంటూ సుబ్బరాయుడు జారుడు మూత ఉన్న, పలక లాంటి నల్లటి ఫిల్మ్ హోల్డర్‌ని బల్ల మీద పెట్టాడు.

మదీనాగూడలోని ఆ చిన్న స్టూడియోలో బుల్లిబాబు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. వంశీకి పెద్ద ఫిల్మ్ కెమెరా నేర్పింది తనే. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారమైతే ఇక్కడికొచ్చి కెమెరా నల్లగుడ్డ కింద దూరిపోయేవాడు. నిరుడు నార్సింగి దగ్గర బైకు ప్రమాదంలో పోయాడు.

“నేనే నొక్కినానన్నా,” అంది వంశీ తల్లి జయమ్మ. “వాడు కుర్చీలో బిగుసుకోని కూసుని, ‘ఇప్పుడు నొక్కు మా’ అన్యాడు. నాకు నవ్వొస్తే తిట్టినాడు. ఆదివారం మీ కాడ కడిగిస్తానన్యాడు. ఆదివారం రాకనే పాయ.”

“ఫోన్లో వేల ఫొటోలుండాయి. అన్నీ వాడు తీసినవే. వాడు మాత్రం యాడా లేడు,” అన్నాడు సుబ్బరాయుడు. “కాలేజీ కార్డు మీది బొమ్మకి దండేసినాం. దీన్ని ఇచ్చేదానికి ఇన్నాళ్లూ ఈమెకు మనసు రాలా. వచ్చేవారం సంవత్సరికం. అప్పటికి నా కొడుకు ముఖం గోడ మీద ఉండాల.”

జయమ్మ ముందుగదిలోనే కూర్చుంది. సుబ్బరాయుడు మాత్రం డార్క్‌రూమ్ గుమ్మం దాకా వెంట వచ్చాడు.

“నేనూ లోపలికొస్తా.”

“వద్దండి. కడిగేదాకా రవ్వంత వెలుతురు తగిలినా మనిషి మిగలడండి,” అని బుల్లిబాబు మెల్లగా చెప్పి, మనవరాలు ఉమాశ్రీని తోడు తీసుకుని తలుపు వేసుకున్నాడు.

లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత కూడా చాలాసేపు తలుపు తెరుచుకోలేదు. బుల్లిబాబు బయటికొచ్చేసరికి ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి.

“చూపించన్నా.”

“రాలేదండి. మందుల వరస తప్పేశాను. తర్వాత పొయ్యాల్సింది ముందు పోసేశాను. మొత్తం పోయిందండి. తప్పు నాదే.”

సుబ్బరాయుడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. “చేతకాకుంటే చెప్పాల గదా ముసలోడా! ఒక్కటే ఉండె. ఒక్కటే!”

“కొట్టండి,” అన్నాడు బుల్లిబాబు.

చెయ్యి లేవలేదు. సుబ్బరాయుడు గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. “ఈ షట్టర్ దించెయ్. ఇంకెవురికీ ఈ పని చేయొద్దు,” అని విసురుగా మెట్లు దిగిపోయాడు.

బుల్లిబాబు మళ్లీ డార్క్‌రూమ్‌లోకి వెళ్లాడు. ఉమాశ్రీ గొంతు తగ్గించి అంది.

“తాతయ్యా, మందులు పోసింది నేను. వరస తప్పలేదు.”

“తెలుసమ్మా. ఇది ఇక్కడ పోయింది కాదు.”

“మరెందుకు అన్ని మాటలు పడ్డావ్?”

“ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే కదమ్మా.”

ఉమాశ్రీకి అర్థం కాలేదు.

బుల్లిబాబు ముందుగదిలోకి వచ్చేసరికి జయమ్మ ఇంకా వెళ్లకుండా బయటి గుమ్మంలో నిలబడి ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఆయన మాటలు మనసులో పెట్టుకోవద్దన్నా. నాకేం కోపం లేదు. వాడు ఇంటికాడ కూడా నాకు కనపడలా.”

బుల్లిబాబు తలెత్తి చూశాడు.

“దినామూ పొద్దున దాని మూత తీసి చూస్తా ఉంటి గదా.”